డిగ్ సరే అంటోంది, సాఫ్ట్‌వేర్ కాదంటోంది: ‘ఆరా’ కమాండ్‌కి తెలుగు మాన్యువల్ రాస్తున్నా, తప్పులు చెప్పండి

#1 పెన్నా_గట్టు (నెల్లూరు)

అందరికీ నమస్తే. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

నెల్లూరు, ఒంగోలు మధ్య చిన్న ఆఫీసులకి నెట్‌వర్క్ పనులు చేస్తుంటాను. రెండు నెలల కింద చీమకుర్తి వైపు ఒక గ్రానైట్ ఆఫీసు నుంచి ఫోన్. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ సర్వర్‌ని పట్టుకోవడం లేదట. ఆ సర్వర్‌ని అంతకు ముందు వారమే కొత్త మెషీన్ మీదికి మార్చారు. వెళ్ళాను. లైనక్స్ మెషీన్. పేరు ఇస్తే దాని ఐపీ అడ్రస్ అడిగి చెప్పే డిగ్ కమాండ్ కొట్టాను, కొత్త అడ్రస్ చూపించింది. ఇంకోసారి కొట్టాను, అదే. పేరు వరకు బాగానే ఉందనుకుని రౌటర్ ఆపి పెట్టాను, కేబుల్ మార్చాను, ఫైర్‌వాల్ తీసేశాను. మధ్యాహ్నం భోజనం కూడా లేదు. నాలుగింటికి టీ తెచ్చిన పిల్లాడు నా వెనక నిలబడి, “పోయినేడు వచ్చినాయన ఈ నల్ల తెరలోనే ఏదో ఫైల్లో నంబర్ రాసిపెట్టి పోయాడన్నా” అన్నాడు.

హోస్ట్స్ ఫైల్. ఏ పేరుకి ఏ అడ్రస్సో మెషీన్‌లోనే రాసిపెట్టుకునే ఫైల్. అందులో పాత అడ్రస్. ఒక్క లైను. తీసేశాక నిమిషంలో బిల్లు ప్రింటైంది.

డిగ్ అబద్ధం చెప్పలేదు. నేనడిగిన చోటు వేరు, సాఫ్ట్‌వేర్ అడిగే చోటు వేరు. డిగ్ నేరుగా డీఎన్ఎస్ సర్వర్‌నే (పేర్లకి అడ్రస్‌లు చెప్పే సర్వర్) అడుగుతుంది, హోస్ట్స్ ఫైల్ మొహం కూడా చూడదు. మామూలు ప్రోగ్రామ్‌లు సీ లైబ్రరీ అనే ఉమ్మడి కోడ్‌లోని గెట్‌అడ్రిన్ఫో అనే ఫంక్షన్‌ని అడుగుతాయి. అది ఎన్ఎస్‌స్విచ్ ఫైల్లో (ఎక్కడెక్కడ ఏ వరసలో వెతకాలో రాసి ఉండే ఫైల్) ‘హోస్ట్స్’ అనే లైను చూస్తుంది. అక్కడ ‘ఫైల్స్’ ముందుంటే ముందు హోస్ట్స్ ఫైల్, అందులో దొరక్కపోతేనే డీఎన్ఎస్.

ఆ రోజు ఒళ్ళు మండి ఒక చిన్న కమాండ్ రాసుకున్నాను. పేరు ‘ఆరా’. పేరు ఇస్తే గెట్‌అడ్రిన్ఫోనే అడిగి, ఏ అడ్రస్‌లు ఏ వరసలో వచ్చాయో, ఎంతసేపు పట్టిందో చూపిస్తుంది. నాతో తిరిగే ఇద్దరు కుర్రాళ్ళకి ఇద్దామని తెలుగులో మాన్యువల్ మొదలుపెట్టాను. డ్రాఫ్ట్ ఇది. కమాండ్లు ఇక్కడ తెలుగు అక్షరాల్లో రాశాను, టెర్మినల్‌లో మామూలుగానే కొట్టాలి.

*పేరు:* ఆరా, నామ పరిష్కార పరీక్షా సాధనము.
*వాడుక:* ఆరా [-4] [-6] [-టి] పేరు ...
*వివరణ:* ఈ సాధనము ద్వారా వినియోగదారుడు నామ పరిష్కార ప్రక్రియను పరీక్షించుకొనవచ్చును.
*ఐచ్ఛికములు:* -4 నాలుగవ సంస్కరణ చిరునామాలు మాత్రమే చూపును. -6 ఆరవ సంస్కరణ చిరునామాలు మాత్రమే చూపును. -టి సమయమును చూపును.
*ఉదాహరణ:* [అసలు సర్వర్ పేరు, అడ్రస్ ఉన్నాయి, తీసేశాం. మోడరేటర్]

ఎట్టా ఉందో చెప్పండి. మొహమాటం వద్దు.

#2 గిత్త_ఒంగోలు

మొహమాటం వద్దన్నావు కాబట్టి చెబుతున్నా. పోస్టు అరుగు మీద కూర్చుని చెప్పినట్టుంది, మాన్యువల్ రిజిస్ట్రార్ ఆఫీసు దస్తావేజులా ఉంది. రెండూ రాసింది ఒకడేనా?

‘నామ పరిష్కారం’ అంటే మా నాయనమ్మ బారసాలకి పేరు కుదర్చడం అనుకుంటుంది.

#3 పెన్నా_గట్టు

😀 మాన్యువల్ అంటే అట్టా ఉండాలేమో అనుకున్నానన్నా. పేరుకి అడ్రస్ వెతకడాన్ని ఇంగ్లీషులో నేమ్ రిజల్యూషన్ అంటారు కదా, ఆ రిజల్యూషన్‌కి డిక్షనరీలో చూశాను. ‘పరిష్కారం’, ‘తీర్మానం’, ‘స్పష్టత’ ఉన్నాయి. తీర్మానం అంటే పంచాయతీ బోర్డు గుర్తొచ్చింది, స్పష్టత అంటే టీవీ బొమ్మ. అందుకే మొదటిది తీసుకున్నాను.

#4 ల్యాబ్_మేడమ్ (కావలి)

ఆ మాటకి తెలుగు మాట వెతకడం దండగ బాబూ. ఆ పని ఏంటో చెప్పు చాలు: “పేరు ఇస్తే ఐపీ అడ్రస్ తెచ్చి చూపిస్తుంది.” ఇందులో అర్థం కానిది ఏదైనా ఉందా? నేను 11 ఏళ్ళుగా ల్యాబ్ చెబుతున్నాను. తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లలకి కూడా సర్వర్, ఆప్షన్, అడ్రస్ కొత్తవి కావు. ‘ఐచ్ఛికములు’ చూసి మాత్రం ఆగిపోతారు, పరీక్షలో ఛాయిస్ ప్రశ్నలేమో అనుకుని.

ఇంకో మాట. నీ పోస్టులో హోస్ట్స్ ఫైల్ కథ ఉంది, మాన్యువల్‌లో లేదు. ఈ కమాండ్ ఎందుకు పుట్టిందో చెప్పేది ఆ కథే. వివరణలో మొదటి వాక్యం అదే కావాలి: డిగ్ ఏం చూడదో, ఇది ఏం చూస్తుందో.

#5 సిల్క్‌బోర్డ్_నెల్లూరోడు (ప్రస్తుతం బెంగళూరు)

అన్నా, తప్పుగా అనుకోవద్దు. ఈ పనికి గెటెంట్ అనే కమాండ్ ఉంది కదా? ‘గెటెంట్ ఎహోస్ట్స్’ అని పేరు ఇస్తే అదీ గెట్‌అడ్రిన్ఫోనే పిలుస్తుంది. ఏ లైనక్స్‌లోనైనా దాదాపు ఉంటుంది, ఇన్‌స్టాల్ చేసే పని లేదు. చక్రం మళ్ళీ కనిపెట్టినట్టుంది.

ఒక్క జాగ్రత్త. ‘గెటెంట్ హోస్ట్స్’ వేరు, ‘గెటెంట్ ఎహోస్ట్స్’ వేరు. మొదటిది పాత దారి. ఐపీవీ6 (కొత్త రకం) అడ్రస్ దొరికితే అది చూపించి ఊరుకుంటుంది, ఐపీవీ4 (పాత రకం) ఉన్న సంగతి చెప్పదు. మా టీమ్‌లో ఒకాయన అది చూసి, సర్వర్‌కి ఐపీవీ4 పోయిందని టికెట్ వేశాడు.

#6 పెన్నా_గట్టు

తప్పేముంది తమ్ముడూ, నిజమే. నాకు గెటెంట్ తెలిసింది ‘ఆరా’ సగం రాశాక. అప్పటికే మమకారం పెరిగిపోయింది.

కానీ రెండు చోట్ల అది చాలదు. ఒకటి, ఎంతసేపు పట్టిందో చెప్పదు. రెండు, దొరక్కపోతే నోరు తెరవదు. ఏమీ ప్రింట్ చేయకుండా ఎగ్జిట్ కోడ్ (పని ఏమైందో కమాండ్ చివర్లో చెప్పే అంకె) 2 ఇచ్చి వెళ్ళిపోతుంది. ఆ పేరే లేదా, లేక సర్వర్ పలకలేదా? రెండిటికీ మందు వేరు కదా.

అయినా నువ్వన్నది మాన్యువల్‌లో పెడతాను. “ఆరా లేని మెషీన్‌లో గెటెంట్ ఎహోస్ట్స్ వాడండి” అని. క్లయింట్ మెషీన్‌లో నా ప్రోగ్రామ్ ఎక్కించడానికి ఎట్టాగూ అందరూ ఒప్పుకోరు.

#7 ఫస్టియర్_పాప

నమస్తే సార్. మేడమ్ ఈ లింక్ ఇచ్చారు. ల్యాబ్‌లో గెటెంట్ ఎహోస్ట్స్ కొట్టి చూశాను. ఒకే అడ్రస్ మూడు లైన్లు వచ్చింది. మొదటి దాని పక్కన స్ట్రీమ్, రెండోదాని పక్కన డీగ్రామ్, మూడోదాని పక్కన రా అని ఉంది. అంటే మూడు సర్వర్లా?

#8 సిల్క్‌బోర్డ్_నెల్లూరోడు

ఒక్కటే సర్వర్ చెల్లీ. ఆ ఫంక్షన్‌ని ‘ఈ అడ్రస్‌కి ఏ రకం సాకెట్‌తో, అంటే డేటా పంపే ఏ పద్ధతిలో, వెళ్ళాలి’ అని చెప్పకుండా అడిగితే, ఒక్కో రకానికీ ఒక్కోసారి అదే అడ్రస్ ఇస్తుంది. స్ట్రీమ్ అంటే టీసీపీ, డీగ్రామ్ అంటే యూడీపీ, మూడోది ఆ రెండూ కాకుండా నేరుగా ఐపీ మీద పనిచేసేవాళ్ళకి. ఒకే ఇంటికి బస్సులో వెళ్ళొచ్చు, బండి మీద వెళ్ళొచ్చు, నడిచీ వెళ్ళొచ్చు. ఇల్లు మూడు కాదు.

#9 పెన్నా_గట్టు

ఆ ప్రశ్న నా మాన్యువల్‌లో ఎక్కడా లేదు. నాకు అలవాటైపోయి కళ్ళకి ఆనలేదు. ‘ఆరా’ ఇకనుంచి టీసీపీ ఒక్కటే అడుగుతుంది, లైను ఒక్కటే వస్తుంది. గెటెంట్ గురించి రాసే చోట ఈ మూడు లైన్ల సంగతి కూడా పెడతాను. థాంక్స్ అమ్మా.

#10 కందుకూరు_టెర్మినల్

టీటీఎల్ (జవాబుని ఎన్ని సెకన్లు దాచుకోవచ్చో చెప్పే అంకె) ఎందుకు చూపించదు? నాకు అదే ముఖ్యం. సర్వర్ మార్చాక పాత అడ్రస్ ఇంకెంతసేపు తిరుగుతుందో తెలియాలి కదా.

ఈ కాషింగ్ బాధ (పాత జవాబు దాచుకుని అదే వాడటం) కందుకూరోళ్ళకి చెప్పక్కర్లేదు లెండి. 1970 దాకా మాది నెల్లూరు జిల్లా. ఆ ఏడాది ఒంగోలు జిల్లా పెట్టి మమ్మల్ని అందులో కలిపారు, 1972లో దానికి ప్రకాశం పేరు వచ్చింది. 2022 ఏప్రిల్ 4న మళ్ళీ నెల్లూరుకి తెచ్చారు. ఆ తర్వాత కూడా నా పార్సిల్ మీద ప్రకాశం జిల్లా అనే వచ్చేది. మా నాన్న ఉత్తరాల్లో ‘వయా ఒంగోలు’ మానలేదు. పిన్ కోడ్ మాత్రం అప్పుడూ 523తోనే మొదలైంది, నెల్లూరు టౌను వాళ్ళకేమో 524. రికార్డు మారింది, కాష్ ఖాళీ కాలేదు.

#11 పెన్నా_గట్టు

హహ్హా, ఈ కథ మాన్యువల్‌లో పెట్టేదా?

టీటీఎల్ సంగతి: గెట్‌అడ్రిన్ఫో ఇచ్చే జవాబులో టీటీఎల్‌కి చోటే లేదు. అడ్రస్ హోస్ట్స్ ఫైల్ నుంచి వచ్చిందనుకోండి, దానికి టీటీఎల్ ఎక్కడిది? కావాలంటే డిగ్ కొట్టాల్సిందే. ఆన్సర్ సెక్షన్‌లో పేరు పక్కన ఉండే అంకె అదే, సెకన్లలో. అదే రిజాల్వర్‌ని (మన తరఫున పేరు వెతికిపెట్టే సర్వర్) వెంటనే ఇంకోసారి అడిగితే అంకె తగ్గుతూ కనిపిస్తే, అది కాష్‌లోంచి తీసి ఇస్తోందన్నమాట.

#12 ల్యాబ్_మేడమ్ (కావలి)

ఇట్లాంటివే ఒక చోట రాయి. “ఆరా చేయనివి” అని హెడ్డింగ్ పెట్టు. టీటీఎల్ చూపదు, ఎంఎక్స్ రికార్డులు (మెయిల్ ఏ సర్వర్‌కి వెళ్ళాలో చెప్పేవి) చూపదు, ఫలానా సర్వర్‌నే అడగమంటే అడగదు, వీటికి డిగ్ వాడండి అని. మాన్యువల్స్‌లో ఎవరూ రాయని భాగం ఇదే. పిల్లలు గంటసేపు కొట్టుకునేదీ ఇక్కడే.

కందుకూరు గారి కథ పెట్టొద్దు. బాగుంది కానీ, జిల్లా మళ్ళీ మార్చారంటే నీ మాన్యువల్ కూడా మార్చాలి.

#13 కనిగిరి_కేబుల్

నేను కేబుల్ నెట్ నడుపుతాను. నాకొచ్చే కంప్లైంట్లలో ఎక్కువ ఒకటే: “అన్నా, నెట్ స్లో.” వెళ్ళి స్పీడ్ టెస్ట్ కొడితే ఫుల్ వస్తుంది. సైటు తెరవగానే మాత్రం కాసేపు ఏమీ జరగదు, తర్వాత దబదబా వచ్చేస్తుంది. చాలా రోజులు రౌటర్ల మీద పడ్డాను.

ఈ -టి ఆప్షన్ చూసి మొన్న ఒక స్కూల్‌లో వాడాను (పెన్నా అన్న ప్రోగ్రామ్ పంపించాడు). పది పేర్లు ఇస్తే పదికీ 5.01, 5.02, 5.01 అని వచ్చింది. ఎప్పుడూ ఐదు దగ్గరే. ఏ నేమ్‌సర్వర్లని (డీఎన్ఎస్ సర్వర్లని) అడగాలో రాసి ఉండే రిజాల్వ్ కాన్ఫ్ ఫైల్ తెరిస్తే మొదటి నేమ్‌సర్వర్ ఎప్పుడో తీసేసిన పాత మెషీన్‌ది. దాన్ని అడగడం, ఐదు సెకన్లు ఎదురుచూడటం, అప్పుడు రెండోదాన్ని అడగడం. పేరు పేరుకీ అదే తంతు.

#14 సిల్క్‌బోర్డ్_నెల్లూరోడు

కరెక్ట్. లైనక్స్‌లో ఆ ఫైల్లో ఇంకేమీ రాయకపోతే టైమవుట్ (ఎదురుచూసేది) 5 సెకన్లు, అటెంప్ట్స్ (ప్రయత్నాలు) 2. నేమ్‌సర్వర్లు ఎన్ని రాసినా మొదటి మూడే లెక్క. ఆల్పైన్ అనే చిన్న రకం లైనక్స్ కంటైనర్లలో కథ వేరు. అక్కడి సీ లైబ్రరీ ఆ మూడు సర్వర్లనీ ఒకేసారి అడుగుతుంది, ముందు పలికిన జవాబు తీసుకుంటుంది. ఎన్ఎస్‌స్విచ్ ఫైల్‌ని అసలు పట్టించుకోదు.

#15 పెన్నా_గట్టు

కనిగిరి అన్నా, ఈ ఒక్క పోస్టుతో నా -టి ఆప్షన్‌కి అర్థం వచ్చింది. “-టి సమయమును చూపును” అని రాశాను. చూపిస్తే ఏం చేసుకోవాలి? ఇప్పుడు ఇట్టా రాస్తున్నాను:

*-టి: జవాబు రావడానికి పట్టిన సెకన్లు చూపిస్తుంది. మొదటిసారి 0.2 లోపు వస్తే పేరు వరకు ఇబ్బంది లేదు. ప్రతి పేరుకీ 5 సెకన్లు దాటి వస్తుంటే రిజాల్వ్ కాన్ఫ్‌లో మొదటి నేమ్‌సర్వర్ చచ్చిందేమో చూడండి.*

#16 గిత్త_ఒంగోలు

‘చచ్చిందేమో’ బాగుంది. అదే ఉంచు.

ఎగ్జిట్ కోడ్‌ల గురించి ఒక్క ముక్క లేదేంటి? నా అనుభవం చెబుతాను. ఒక చోట రాత్రిళ్ళు పేరు దొరుకుతుందో లేదో చూసే స్క్రిప్ట్ పెట్టాను. డిగ్ కొట్టి, ఎగ్జిట్ కోడ్ సున్నా కాకపోతే నాకు మెసేజ్. మూడు నెలలు ఒక్క మెసేజ్ రాలేదు, అంతా బాగుందనుకున్నా. ఒకరోజు వాళ్ళు డొమైన్ రెన్యూ చేయడం మర్చిపోయారు, పేరే లేకుండా పోయింది. స్క్రిప్ట్ మాత్రం హాయిగా నిద్రపోయింది.

తర్వాత డిగ్ మాన్ పేజీ (దాని మాన్యువల్) చదివాను. సర్వర్ నుంచి ఏ జవాబు వచ్చినా డిగ్‌కి అది సక్సెసే. ‘ఆ పేరు లేదు’ అనే ఎన్ఎక్స్‌డొమైన్ వచ్చినా కోడ్ సున్నా. సర్వర్ అసలు పలక్కపోతే 9. అక్కడ అంత స్పష్టంగా రాసి ఉంది, చదవంది నేనే.

#17 పెన్నా_గట్టు

‘ఆరా’లో ఇప్పటిదాకా దొరికితే 0, లేకపోతే 1. అంతే. దాన్ని మార్చకుండా మాన్యువల్ రాస్తే సిగ్గుచేటు. లైబ్రరీ ఎట్టాగూ వేర్వేరుగా చెబుతుంది: పేరు లేకపోతే ‘నేమ్ ఆర్ సర్వీస్ నాట్ నోన్’, సర్వర్ పలక్కపోతే ‘టెంపరరీ ఫెయిల్యూర్ ఇన్ నేమ్ రిజల్యూషన్’. కాబట్టి:

0: అడిగిన పేర్లన్నీ దొరికాయి.
1: కమాండ్ తప్పుగా కొట్టారు.
2: ఆ పేరు లేదు. స్పెల్లింగ్ చూడండి, డొమైన్ రెన్యూ అయిందేమో చూడండి.
3: సర్వర్ పలకలేదు. కేబుల్, రౌటర్, రిజాల్వ్ కాన్ఫ్ చూడండి.

రెండు పేర్లు ఇస్తే ఒకటి 2, ఒకటి 3 అయితే పెద్దది ఇస్తుంది. రాత్రి కూర్చుని కోడ్ మారుస్తాను. మాన్యువల్ రాయబోయి ప్రోగ్రామ్ సరిచేసుకోవడం ఇది రెండోసారి.

#18 మొలకొలుకులు

లేటుగా వచ్చాను, రెండు ప్రశ్నలు. ఒకటి, మా దగ్గర అన్నీ విండోస్. రెండు, తెలుగు మాన్యువల్ అంటున్నారు, తెలుగులో ఉన్న డొమైన్ పేరు ఇస్తే పనిచేస్తుందా? చివర డాట్ భారత్ అని తెలుగు అక్షరాల్లోనే ఉండేది ఉంది కదా.

#19 పెన్నా_గట్టు

విండోస్‌కి ‘ఆరా’ లేదండీ. అక్కడ ఎన్ఎస్‌లుకప్ కూడా డిగ్ లాంటిదే, హోస్ట్స్ ఫైల్ చూడదు. పింగ్ కొట్టండి, అది సిస్టమ్ దారిలోనే వెళ్తుంది. పింగ్‌లో కనిపించే అడ్రస్, ఎన్ఎస్‌లుకప్‌లో వచ్చే అడ్రస్ వేరైతే హోస్ట్స్ ఫైల్ తెరవండి. అవతలి మెషీన్ పింగ్‌కి జవాబివ్వకపోయినా ఫర్వాలేదు, మనకి కావలసింది మొదటి లైన్లో అడ్రస్ ఒక్కటే.

తెలుగు పేరు మాత్రం ఇవాళే కొట్టి చూశాను. పరువు పోయింది. ‘అట్టాంటి పేరు లేదు’ అంది.

#20 సిల్క్‌బోర్డ్_నెల్లూరోడు

డీఎన్ఎస్‌లో తెలుగు పేరు తెలుగుగా ప్రయాణం చేయదన్నా. ఎక్స్ఎన్‌తో మొదలై రెండు గీతలుండే ఇంగ్లీషు అక్షరాల రూపంలోకి మార్చి పంపాలి. గెట్‌అడ్రిన్ఫోని పిలిచేటప్పుడు ఐడీఎన్ ఫ్లాగ్ (ఇంగ్లీషు కాని పేర్ల కోసం ఉన్న ఆప్షన్) ఇస్తే అదే మారుస్తుంది. గెటెంట్ ఆ ఫ్లాగ్ తనంతట తనే ఇస్తుంది, నువ్వు ఇవ్వలేదు. ఐడీఎన్2 లైబ్రరీ ఉండాలి, లొకేల్ (భాష, అక్షరాల సెట్టింగ్) యూటీఎఫ్-8లో ఉండాలి. ఈ రెండూ మాన్యువల్‌లో రాయి. క్రాన్‌లో (టైముకి దానంతటదే నడిచేలా) పెట్టినప్పుడు లొకేల్ వేరేగా ఉండి, చేత్తో కొడితే వచ్చేది అక్కడ రాదు.

#21 పెన్నా_గట్టు

ఫ్లాగ్ పెట్టాను, వచ్చింది. మూడోసారి.

#22 ల్యాబ్_మేడమ్ (కావలి)

ఉదాహరణల సంగతి ఎవరూ మాట్లాడలేదు. మొదటి డ్రాఫ్ట్‌లో మోడరేటర్ గారు తీసేసింది నేను చూశాను. క్లయింట్ సర్వర్ పేరు, పబ్లిక్ అడ్రస్ మాన్యువల్‌లో పెట్టడం ఏంటి బాబూ? ఇవాళ నీ ఇద్దరు కుర్రాళ్ళకి, రేపు వాట్సాప్‌లో వంద మందికి.

ఉదాహరణల కోసమే పక్కన పెట్టిన పేర్లు, అడ్రస్‌లు ఉన్నాయి. పేరుకి ఎగ్జాంపుల్ డాట్ కామ్, 1999 నుంచి దాన్ని ఇందుకే ఉంచారు. అడ్రస్‌కి 192.0.2తో మొదలయ్యేవి, 198.51.100తో మొదలయ్యేవి, 203.0.113తో మొదలయ్యేవి. ఇవి ఇంటర్నెట్‌లో ఎవరికీ ఇవ్వరు, కాబట్టి ఎవడైనా కాపీ కొట్టి అట్లాగే రన్ చేసినా ఎవరి తలుపూ తట్టదు.

#23 కందుకూరు_టెర్మినల్

బ్రౌజర్ సంగతి కూడా ఒక లైన్ వేయండి. ఇప్పటి బ్రౌజర్లు కొన్ని సెట్టింగులతో డీఎన్ఎస్ ప్రశ్నని హెచ్‌టీటీపీఎస్ మీద సొంతంగా పంపుకుంటాయి. అప్పుడు ‘ఆరా’ చెప్పేది ఒకటి, బ్రౌజర్ వెళ్ళేది ఇంకొక చోటికి కావచ్చు. లేకపోతే ఇంకొకాయన ఇంకో చీమకుర్తిలో ఇంకో మధ్యాహ్నం భోజనం మానేస్తాడు.

#24 పెన్నా_గట్టు

ఆ భోజనం బాధ నాకు తెలుసన్నా, వేశాను. మొత్తం మళ్ళీ రాశాను. ఇదిగో.

*పేరు:* ఆరా. పేరు ఇస్తే, మీ మెషీన్‌లోని ప్రోగ్రామ్‌లకి ఏ ఐపీ అడ్రస్ దొరుకుతుందో అదే తెచ్చి చూపిస్తుంది.

*వాడే పద్ధతి:* ఆరా [-4] [-6] [-టి] పేరు ...

*ఎప్పుడు వాడాలి:* డిగ్ సరైన అడ్రస్ చూపిస్తున్నా సాఫ్ట్‌వేర్ కనెక్ట్ కాకపోతే. డిగ్ డీఎన్ఎస్ సర్వర్‌నే అడుగుతుంది. ఆరా ముందు హోస్ట్స్ ఫైల్, తర్వాత డీఎన్ఎస్, అంటే ఎన్ఎస్‌స్విచ్‌లో ఏ వరస ఉంటే ఆ వరసలో వెతుకుతుంది. రెండిటి జవాబూ ఒకటి కాకపోతే హోస్ట్స్ ఫైల్ తెరవండి.

*ఉదాహరణ:* ఆరా -టి ఎగ్జాంపుల్ డాట్ కామ్
192.0.2.10 0.03 సెకన్లు

*ఆరా చేయనివి:* టీటీఎల్ చూపదు. ఎంఎక్స్ లాంటి రికార్డులు చూపదు. ఫలానా సర్వర్‌నే అడగదు. వీటికి డిగ్. సొంతంగా డీఎన్ఎస్ అడిగే బ్రౌజర్ ఎక్కడికి వెళ్తుందో చెప్పలేదు.

ఆప్షన్లు, ఎగ్జిట్ కోడ్‌లు, తెలుగు పేర్లు, గెటెంట్ సంగతి పైన అనుకున్నట్టే. మొత్తం రెండు పేజీలు దాటలేదు.

#25 గిత్త_ఒంగోలు

ఇప్పుడు రాసింది ఒకడే అని తెలుస్తోంది.

#26 ల్యాబ్_మేడమ్ (కావలి)

ఇవాళ మధ్యాహ్నం ల్యాబ్‌లో ప్రింట్ తీసి ఫస్టియర్ వాళ్ళ ముందు పెట్టాను. ఒక మెషీన్‌లో హోస్ట్స్ ఫైల్‌కి తప్పుడు అడ్రస్ నేనే రాసిపెట్టాను. ఒక్క మాట సాయం చేయలేదు. ఇక్కడ మూడు లైన్ల ప్రశ్న అడిగిన అమ్మాయి పావుగంటలో ఆ లైను పట్టుకుంది.

ఆగింది ఒక్క చోటే. ‘వాడే పద్ధతి’ చూసి, స్క్వేర్ బ్రాకెట్లతో సహా, చివర మూడు చుక్కలతో సహా కొట్టింది. ఎర్రర్ వచ్చింది. నావైపు చూసింది, నేను కిటికీలోంచి బయటికి చూశాను.

#27 పెన్నా_గట్టు

బ్రాకెట్‌లో ఉన్నది ఇష్టమైతేనే కొట్టాలని, బ్రాకెట్ కొట్టకూడదని, మూడు చుక్కలంటే ఎన్ని పేర్లైనా ఇవ్వొచ్చని ఎక్కడా చెప్పలేదు కదూ. ఆ లైను కిందే రాసేశాను. పాపకి ఎగ్జిట్ కోడ్ ఎంత వచ్చిందో అడగండి మేడమ్, 1 రావాలి.

#28 ఫస్టియర్_పాప

2 వచ్చింది సార్. మూడు చుక్కల్ని కూడా పేరు అనుకుని వెతికింది.

#29 పెన్నా_గట్టు

నాలుగోసారి. రాత్రికి సరిచేస్తాను.